కాలని కొవ్వొత్తికి రెండో ఆర్డర్ రాదు

ఇంటిపట్టున ఉండి ఏదైనా వ్యాపారం మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్లకు యూట్యూబ్ చెప్పే సలహాల్లో పచ్చళ్లు, మగ్గం వర్కు, కేకుల తర్వాత ఇప్పుడు వంతు కొవ్వొత్తులది. ఈమధ్య అలాంటి వీడియో ఒకటి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. పది వేల పెట్టుబడి, రోజుకు మూడు గంటల పని, నెలకు నలభై వేల లాభం. చూపించిన పద్ధతిలో పెద్ద తప్పేమీ లేదు. మైనం కరిగించారు, సువాసన నూనె కలిపారు, గాజు జార్‌లో పోశారు, పైన ఎండు గులాబీ రేకులు చల్లారు, పెట్టెలో పెట్టి రిబ్బను కట్టారు. వీడియో అయిపోయింది. మొదటి నుంచి చివరి దాకా ఆ కొవ్వొత్తిని ఎవరూ వెలిగించలేదు. వెలిగించి ఉంటే ఆ గులాబీ రేకులకు నిప్పంటుకునేది.

ఆ వీడియో చేసిన అమ్మాయిని తప్పుపట్టను. ఈ వ్యాపారం నడుస్తున్న తీరే అలా ఉంది. మా మేనకోడలు విజయవాడలో ఇదే పని చేస్తోంది. దాన్ని దగ్గర నుంచి చూస్తూ, లెక్కలు రాసిపెడుతూ నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. కొవ్వొత్తి చేయడం కష్టం కాదు. ఒకసారి అమ్మడమూ అంత కష్టం కాదు, బంధువులు, స్నేహితులు మొహమాటానికైనా కొంటారు. కొన్నవాళ్లు దాన్ని వెలిగించాలి, అది అయిపోవాలి, మళ్లీ కావాలని వాళ్లే ఫోన్ చేయాలి. అది జరగడం లేదు. మన ఊళ్లలో ఇళ్లలో మొదలయ్యే కొవ్వొత్తుల వ్యాపారాల్లో చాలా భాగం ఎవరూ వెలిగించని కొవ్వొత్తుల మీద ఆధారపడి ఉన్నాయి. ఏడాది తిరగకుండా మూతపడితే అమ్మాయికి పట్టుదల లేదంటారు. నన్నడిగితే పట్టుదల సంగతి తర్వాత, సరుకు ఖర్చయిందా లేదా అన్నది ముందు చూడాలి.

‘అందరూ కొంటారు మేడమ్’

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. 2015లో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా రుణాలు వచ్చాక, హామీ అడగకుండా అప్పివ్వాలి కాబట్టి, మా బ్రాంచికి ఇలాంటి దరఖాస్తులు కట్టలుగా వచ్చేవి. ప్రతి దరఖాస్తుకూ ఒక ప్రాజెక్టు రిపోర్టు జత. పక్క సందులోని జిరాక్స్ షాపు అతను తన కంప్యూటర్‌లో ఉన్న ఒకే రిపోర్టును పేర్లు మార్చి అందరికీ ఇచ్చేవాడు. అగరుబత్తులైనా, పేపరు ప్లేట్లయినా, కొవ్వొత్తులైనా మొదటి ఏడాది 60 శాతం సామర్థ్యం, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80. ఒకావిడ కొవ్వొత్తుల రిపోర్టులో ముడిసరుకు కింద మైదాపిండి ఉండిపోయింది. అంతకుముందు వచ్చినది బేకరీ అన్నమాట. కూలి, వడ్డీ, తరుగుదల అన్నీ పైసలతో సహా లెక్కగట్టి ఉండేవి. మార్కెట్ అన్న శీర్షిక కింద మాత్రం ఒకటే వాక్యం: ‘ఈ ఉత్పత్తికి స్థానికంగా మంచి గిరాకీ కలదు.’ ఎవరు కొంటారమ్మా అని అడిగితే ‘అందరూ కొంటారు మేడమ్’ అనేవారు.

ఒకప్పుడు ఆ మాట నిజమే. కొవ్వొత్తులు చాలా ఏళ్లు చిన్న పరిశ్రమలకు మాత్రమే కేటాయించిన సరుకు. పెద్ద కంపెనీలు వాటి జోలికి రాకూడదు. ఆ జాబితాను ప్రభుత్వాలు ఏళ్ల తరబడి కత్తిరిస్తూ వచ్చాక చివరికి 20 వస్తువులు మిగిలాయి. వాటిలో కొన్ని చెబుతాను: పచ్చళ్లు, బ్రెడ్డు, అగరుబత్తులు, అగ్గిపెట్టెలు, బట్టల సబ్బు, గాజులు, తాళంకప్పలు, వాటితో పాటు మైనపు కొవ్వొత్తులు. 2015 ఏప్రిల్‌లో వాటినీ తీసేశారు. నేను చెప్పిన పేర్లు మరోసారి చదవండి. దాదాపు అన్నీ ఇంట్లో వాడితే తరిగిపోయేవో, పగిలిపోయేవో. తరిగిపోతుంది కాబట్టే మళ్లీ కొంటారు. చిన్నవాడు బతికేది ఆ మళ్లీ కొనడం మీదే.

తెనాలి దగ్గర పనిచేసినప్పుడు మాకొక ఖాతాదారు ఉండేవారు. రేకుల షెడ్డులో మామూలు తెల్ల కొవ్వొత్తులు పోసేవారు. వరసగా గుంతలున్న లోహపు అచ్చులు, వాటి చుట్టూ చల్లనీళ్లు తిరిగే తొట్టి, పైనుంచి కిందికి బిగించి కట్టిన నూలు వత్తులు. మైనం పోసి, గడ్డకట్టాక పైన పేరుకున్నది చాకుతో గీకి తీసి, అచ్చు విప్పితే నిగనిగలాడే కొవ్వొత్తులు ఒకేసారి బయటపడేవి. గీకిన మైనం మళ్లీ డేగిసాలోకి. 2012 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు గుర్తున్నాయి కదా. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, పల్లెల్లో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రాత్రులు. ఆయనకు అదే పండగ. కిరాణా కొట్లవాళ్లు డబ్బులు ముందే ఇచ్చి సరుకు పట్టుకెళ్లేవారు. కిలో మైనానికి చిన్న సైజు కొవ్వొత్తులు దగ్గర దగ్గర 50 వస్తాయి. ఒక్కోదాని మీద మిగిలేది రూపాయి లోపే. ఆ రూపాయి లోపుతోనే ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు. ఆయన సరుకు రాత్రి కాలిపోయేది, పొద్దున్నే కొట్టు ముందు మనిషి నిలబడేవాడు.

తర్వాత కోతలు తగ్గాయి, ఎమర్జెన్సీ లైట్లు వచ్చాయి, సెల్‌ఫోన్‌లోనే టార్చి వచ్చింది. అయినా ఆయన మూసుకోలేదు. చర్చీల వైపు తిరిగారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

జార్‌లో ఏముంది

మా మేనకోడలు చేసేవి సెంటెడ్ క్యాండిల్స్. బాల్కనీలో ఇండక్షన్ స్టవ్, నీళ్ల గిన్నెలో కూర్చోబెట్టిన స్టీలు జగ్గు, అందులో సోయా మైనం, పక్కన థర్మామీటర్. మైనం కరిగి 80 డిగ్రీలు దాటాక సువాసన నూనె తూకం వేసి కలుపుతుంది. ఆ తూకం దగ్గర పిల్ల ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. తక్కువైతే వాసన రాదు, ఎక్కువైతే మైనం పట్టుకోలేక నూనె పైకి చెమటలా ఊరుతుంది. తర్వాత వేడి కొంచెం తగ్గనిచ్చి, అడుగున వత్తి అంటించిన జార్‌లో నెమ్మదిగా పోసి, వత్తి నిటారుగా ఉండేలా రెండు పుల్లల మధ్య బిగిస్తుంది. సోయా మైనం అయితే ఆ తర్వాత వారం, రెండు వారాలు కదపకుండా ఉంచాలి. అప్పుడే వాసన కుదురుకుంటుంది. పనిలో ఓర్పుంది, శుభ్రముంది. నేను వంక పెట్టేది దానికి కాదు.

ఒక సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక్క జార్ ఖర్చు రాశాం. మైనం 180 గ్రాములు, 63 రూపాయలు. సువాసన నూనె 29. వత్తి 3. మొత్తం 95. ఇక మూతతో సహా గాజు జార్ 60, లేబుల్ 6, అట్టపెట్టె 32. మొత్తం 98. వెలిగే భాగం కంటే వెలగని భాగం ఖరీదెక్కువ. కొరియర్, దారిలో పగిలినవాటి నష్టం, తన కూలి ఇంకా వేయలేదు. కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీ కూడా, తనకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి, వెనక్కి రాదు. ఆ కాగితం చూసి ‘నువ్వు కొవ్వొత్తులమ్మడం లేదే, గాజు సామానమ్ముతున్నావు’ అన్నాను. దానికి కోపం వచ్చింది. ‘జార్ అందంగా లేకపోతే ఎవరూ చెయ్యి కూడా పెట్టరు అత్తా’ అంది.

అదీ నిజమే. కానీ ఆ అందమే దాని కొంప ముంచుతోంది. వాడుకున్నవాళ్లు ఖాళీ జార్ తెచ్చిస్తే మళ్లీ నింపి ఇస్తాను, 100 రూపాయలు తగ్గిస్తాను అని ఒక పథకం పెట్టింది. జార్ ఖర్చు మిగులుతుంది, పాత కొనుగోలుదారు తిరిగొస్తాడు, మంచి ఆలోచన. ఖాళీ జార్లు రాలేదు. వాటికి బదులు ఫొటోలు వచ్చాయి. షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన జార్. టీవీ కింద జార్. పుస్తకాల బీరువాలో జార్. కింద సందేశాలు: ‘ఎంత బాగుందో, వెలిగించాలంటే మనసు రావడం లేదు.’ పిల్ల మురిసిపోయి ఆ ఫొటోలన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. నాకు మాత్రం అవి వసూలు కాని బాకీల జాబితాలా కనిపించాయి.

ఫ్యాను వేస్తే దీపం ఉండదు

ఎందుకు వెలిగించరు? అందం ఒక్కటే కారణమైతే ఇంత ఆలోచించక్కర్లేదు. అసలు సంగతి మన ఇళ్లలో ఉంది.

జార్ కొవ్వొత్తికి ఒక నియమం ఉంది. మొదటిసారి వెలిగించినప్పుడు పైన మైనం అంచు దాకా పూర్తిగా కరిగే వరకు ఆర్పకూడదు. మూడంగుళాల జార్ అయితే దాదాపు మూడు గంటలు. ముందే ఆర్పితే వత్తి చుట్టూ మాత్రం గుంత పడి, తర్వాతి సారి కూడా ఆ గుంతలోనే కిందికి దిగుతుంది, చుట్టూ మైనం అలాగే మిగిలిపోతుంది. ఇప్పుడు చెప్పండి, విజయవాడలో ఏ ఇంట్లో మూడు గంటలు ఫ్యాను ఆపుకుని కూర్చుంటారు? ఫ్యాను ఆపితే మనిషి ఉండలేడు, వేస్తే దీపం ఉండదు. ఉన్నా ఒక పక్కకు ఒరిగి, పొగ చూరి, గాజు నల్లబడుతుంది. ఏసీ గదిలో తలుపులేసుకుని వెలిగిస్తే వాసన మొహానికి కొడుతుంది.

సోయా మైనం 1990లలో అమెరికాలో మార్కెట్‌లోకి వచ్చిన సరుకు. జార్లలో పోసే రకం 50 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతుంది. అక్కడి గదులకు అది సరిపోతుంది. మన రెంటచింతలకు మే నెలలో ఆ పార్సిల్ వెళ్లాలి. బయటే 45 డిగ్రీలున్నప్పుడు మూసిన డెలివరీ వ్యానులో ఎంతుంటుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. ఒకసారి పల్నాడు వైపు పంపిన జార్లలో మైనం అంతా ఒక పక్కకు వాలి, వత్తి ఒరిగి, మూత కింద నూనె బొట్లు కట్టి చేరింది. కొన్నవాళ్ల డబ్బులు వెనక్కి ఇచ్చి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా దూరపు ఆర్డర్లు ఆపేసింది. ఏడాదిలో మూడు నెలలు అలా పోయాయి. మామూలు తెల్ల కొవ్వొత్తుల్లో వాడే పారఫిన్ మైనం 60 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ధర సగం కూడా ఉండదు. కానీ సహజమైనది, సోయాతో చేసినది అని చెబితేనే ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముడవుతుంది.

ఇక వాసన. మన ఇంట్లో సువాసన కావాలంటే పది రూపాయల అగరుబత్తుల ప్యాకెట్టుంది. శుక్రవారం సాంబ్రాణి ఉంది. అవి దేవుడి పేరుతో వెలుగుతాయి కాబట్టి రోజూ వెలుగుతాయి, నెల తిరక్కుండా అయిపోతాయి. కొవ్వొత్తికి మన దినచర్యలో అలాంటి గంట ఏదీ లేదు. మా వదిన అయితే ఇంట్లో కూతురే తయారు చేస్తున్నా సంధ్యవేళ దేవుడి దగ్గర నువ్వుల నూనె దీపమే పెడుతుంది, కొవ్వొత్తిని గడప దాటనివ్వదు. ‘దీపాన్ని నోటితో ఊది ఆర్పేదేమిటి’ అని ఆవిడ బాధ. ఈ మాట నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ పిల్ల కొనుగోలుదారుల్లో సగం మంది ఇళ్లలో ఇలాంటి పెద్దావిడ ఒకరుంటారు.

సింగ్‌నగర్‌లో వరద రాత్రులు

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మా అన్నయ్య కుటుంబం సింగ్‌నగర్‌లోనే, రెండో అంతస్తులో ఉంది. కింద అంతస్తు మునిగింది. కరెంటు లేదు, రోజుల తరబడి రాలేదు. దీపావళికి, గృహప్రవేశాలకు అని చేసి అలమరాలో పేర్చుకున్న జార్లన్నీ అప్పుడు బయటికి తీసింది మేనకోడలు. అపార్ట్‌మెంట్‌లో ఇంటికి కొన్ని చొప్పున పంచేసింది. తన చేత్తో చేసిన కొవ్వొత్తులు అడుగు దాకా కాలడం ఆ పిల్ల మొదటిసారి అప్పుడే చూసింది.

ఫ్యాను లేదు కాబట్టి అవి చక్కగా కాలాయి. అంచు దాకా కరిగాయి. కానీ తర్వాత నాకు ఫోన్లో చెప్పిన వివరాలు వింటుంటే ఏ శిక్షణ తరగతిలోనూ ఇంత పాఠం దొరకదనిపించింది. జార్ లోతైనది, దీపం కిందికి దిగేకొద్దీ వెలుగు పైకప్పు మీద గుండ్రంగా పడుతుంది తప్ప కంచంలో అన్నం కనిపించదు. పై అంతస్తులో ఉబ్బసం ఉన్న పెద్దాయన లావెండర్ వాసనకు ఊపిరాడక దాన్ని తీసుకెళ్లిపొమ్మన్నారు. ఎదురింటావిడ మాత్రం, కింద నిలిచిపోయిన మురుగునీటి కంపు మధ్య ఆ నిమ్మగడ్డి వాసన లేకపోతే అన్నం సహించేది కాదంది. కొన్ని జార్లలో వత్తి మరీ సన్నది కావడంతో కరిగిన మైనంలో మునిగి ఆరిపోయింది. ఆ సైజు జార్‌కు ఆ వత్తి చాలదని అంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఎలా చేస్తారు, వెలిగించినవాళ్లు ఉంటే కదా.

నీళ్లు తీశాక జరిగింది ఇంకా ముఖ్యం. ఆ అపార్ట్‌మెంట్ నుంచే దానికి మళ్లీ ఆర్డర్లు వచ్చాయి. ఎదురింటావిడ చేపల వేపుడు చేసిన రోజున వంటింట్లో వెలిగించడానికి నిమ్మగడ్డిది కావాలంది. ఇంకొకరు బాత్‌రూంలో పెట్టడానికి చిన్నవి అడిగారు. మరొకరు వాసన లేనివి, లావుపాటివి, ఇంట్లో ఎప్పుడూ ఉండేలా అరడజను కావాలన్నారు. వీళ్లలో ఎవరూ రిబ్బను అడగలేదు. ఖాళీ జార్లు కడిగి తెచ్చిచ్చినవాళ్లు కూడా వీళ్లే. అంటే మన ఇళ్లలో కొవ్వొత్తి వెలగదని కాదు. దానికొక పని అప్పగించాలి.

ఎదురు వాదనలు

నా మాటకు ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటలో బలమూ ఉంది. బహుమతిగా కొన్న వస్తువును పుచ్చుకున్నవాడు వాడకపోతే మనకేం, ఇచ్చినవాడు మళ్లీ కొంటాడు కదా అంటారు. మన వైపు రిటర్న్ గిఫ్టుల జోరు తెలిసిందే. గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, శ్రీమంతం, మొదటి పుట్టినరోజు, అన్నింటికీ వంద, రెండొందల ముక్కలు ఒకేసారి. నేనూ దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. తేలింది ఇది: ఇచ్చేవాళ్లు మళ్లీ కొంటారు, కానీ కొవ్వొత్తి కొనరు. పోయినసారి కొవ్వొత్తి ఇచ్చాం కాబట్టి ఈసారి కుంకుమ భరిణె, ఆపైసారి మొక్కల కుండీ. పైగా బేగంబజార్‌లో టోకున దొరికే అచ్చు కొవ్వొత్తుల ధర ఫోన్లో చూపించి బేరమాడతారు. వంద జార్ల ఆర్డర్ అని సంబరపడితే ఒక్కోదాని మీద మిగిలేది తెనాలి ఆయన రూపాయి లెక్కకు మరీ దూరంగా ఉండదు, కాకపోతే నాలుగు రాత్రుల నిద్ర పోతుంది.

మరో వాదన: హైదరాబాదులో, గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఫ్లాట్లలో ఉండే కుర్రకారు నిజంగానే వెలిగిస్తారు. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలో ఇది రోజువారీ అలవాటు. ఒప్పుకుంటాను. డల్లాస్‌లో ఉన్న మా బంధువుల అమ్మాయి వండడం అవగానే కొవ్వొత్తి వెలిగించాల్సిందే, పోపు వాసన సోఫాలకు పడుతుందని. అక్కడ దానికి పని ఉంది. అయితే ఆ హైదరాబాదు ఫ్లాట్ల కుర్రవాళ్లకు పెద్ద బ్రాండ్లు ఫోన్లో ఒక్క నొక్కు దూరంలో ఉన్నాయి, అవి పది నిమిషాల్లో గుమ్మం ముందుంటాయి. విజయవాడ బాల్కనీ నుంచి వెళ్లేది మూడో రోజుకు చేరుతుంది.

ఇంకొక వాదనకు మాత్రం నా దగ్గర సరైన జవాబు లేదు. ‘అన్నీ లెక్కల్లో చూడకు అత్తా, ఈ పని చేస్తున్నప్పుడు నాకు బాగుంటుంది’ అంటుంది ఆ పిల్ల. ఇద్దరు పిల్లల్ని బడికి పంపాక ఇల్లు సద్దుమణిగిన వేళ మైనం కరగడం చూస్తూ కూర్చుంటే తనకొక తెరిపి. దాన్ని కాదనడానికి నేనెవరిని? కానీ అది వ్యాపకం అయితే ఖర్చు తెలిసి చేయాలి, వ్యాపారం అయితే లాభం తెలిసి చేయాలి. వ్యాపకం ఖర్చును వ్యాపారం నష్టం అని పిలిస్తే మనిషి కుంగిపోతుంది. అలా కుంగిపోయినవాళ్లను బ్యాంకు కౌంటర్ అవతల చాలామందిని చూశాను.

ఈ రంగంలో ఖాయంగా డబ్బు చేసుకునేవాళ్లు ఎవరంటే మైనం అమ్మేవాళ్లు, అచ్చులమ్మేవాళ్లు, రెండు రోజుల శిక్షణ తరగతులు పెట్టేవాళ్లు. వాళ్ల కొనుగోలుదారులు మాత్రం మళ్లీ మళ్లీ వస్తారు. యంత్రం కొనండి, తయారైన సరుకంతా మేమే కొంటాం అనేవాళ్ల గురించి అయితే ఒకటే మాట, దణ్ణం పెట్టి తలుపేసుకోండి. దీపారాధన వత్తుల యంత్రాల పేరుతో హైదరాబాదులో జరిగిన మోసం పత్రికల్లో వచ్చిందే.

నిప్పు గురించి క్లుప్తంగా. మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు, నీళ్ల గిన్నెలోనే పెట్టాలి. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూత పెట్టాలి. నీళ్లు పోస్తే కాగుతున్న మైనం ఎగిసి మంట పైకప్పుకు తాకుతుంది. మిగిలిన మైనాన్ని సింకులో పారబోస్తే గొట్టం పూడుకుపోతుంది, అద్దె ఇల్లయితే ఓనరుతో గొడవ. కేకుల మీద చిటపటలాడే మెరుపుల కొవ్వొత్తుల జోలికి ఇంట్లో అసలు పోకూడదు. అవి మైనం కాదు, బాణసంచా మందు. 2023 డిసెంబరులో పుణె దగ్గర తలవడేలో అలాంటివి చేసే చిన్న కర్మాగారం అంటుకుని అందులో పనిచేసే ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

వెలిగేవి ఎక్కడ వెలుగుతున్నాయి

తెనాలి ఆయన చర్చీల వైపు తిరిగారని చెప్పాను. క్రిస్మస్ ముందు రాత్రి, ఈస్టర్ జాగరణ, నవంబరు 2న సమాధుల పండుగ. ఆ సాయంత్రం కతోలికుల శ్మశానవాటికకు ఎప్పుడైనా వెళ్లారా? సున్నం వేసిన సమాధుల మీద పూలు, ప్రతి సమాధి మీదా వరసగా కొవ్వొత్తులు, చీకటి పడేసరికి ఆ నేలంతా వెలుగు. ఏ ఒక్కటీ ఇంటికి తిరిగి రాదు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మేరీమాత ఉత్సవాల్లో కొండదారి పొడుగునా టెంకాయలతో పాటు కొవ్వొత్తులే. మతం పట్టింపు లేకుండా మొక్కుకున్నవాళ్లంతా కొంటారు. మా మేనకోడలి ఇంటికి గుణదల ఆటో దూరం. అంత దగ్గర లక్షల మంది వచ్చి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే ఈ పిల్ల రెంటచింతలకు కొరియర్ చేసి మైనం కరిగిపోయిందని ఏడ్చింది.

అక్కడా సులువేమీ కాదు. తెల్ల కొవ్వొత్తిలో లాభం పలచన. పారఫిన్ పెట్రోలియం నుంచి వచ్చే సరుకు కాబట్టి ముడిచమురు ధర కదిలినప్పుడల్లా మైనం ధర కదులుతుంది. చెన్నై మనాలి నుంచో, అస్సాం నుంచో, చైనా నుంచో వచ్చే మూటలను టోకున కొనగలిగినవాడిదే పైచేయి. చేతి అచ్చుతో యంత్రానికి పోటీ రాలేం. కాబట్టి నేను తెల్ల కొవ్వొత్తులు పోయమని చెప్పడం లేదు. గంటల తరబడి నిలబడి కాలే లావుపాటి మొక్కుబడి కొవ్వొత్తి, పేరు రాయించుకునేది, యంత్రం అచ్చులో రానిది, అలాంటివి ఇంట్లో చేయొచ్చు. పారఫిన్ చల్లారేటప్పుడు కుంచించుకుపోయి వత్తి పక్కన గుంత పడుతుంది, రెండోసారి పోసి పూడ్చాలి. ఆ ఓపిక యంత్రానికి ఉండదు, మా పిల్లకు ఉంది.

దీపావళి ప్రమిదలు ఇంకో దారి. మట్టి ప్రమిదలో మైనం పోసి వత్తి పెట్టినవి ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ అమ్ముడవుతున్నాయి. నూనె ఒలకదు, రెండు గంటల్లో అయిపోతుంది. ప్రమిద లోపల ముందు రంగు పూయకపోతే మైనాన్ని మట్టి తాగేస్తుంది, అంతే జాగ్రత్త. దేవుడి దగ్గర పెట్టరు, కార్తీకమాసంలో అసలు పెట్టరు, నూనో నెయ్యో ఉండాల్సిందే. కానీ పిట్టగోడ మీద, మెట్ల మీద, గేటు దగ్గర అవే. పోయిన దీపావళికి మేనకోడలు వీటిని చేసింది. మా వదిన కూడా మెట్ల మీద పెట్టడానికి ఒప్పుకుంది, అవి వాటంతటవే ఆరిపోతాయి కాబట్టి. తెల్లారేసరికి అన్నీ ఖాళీ ప్రమిదలే. కొన్నవాళ్లలో కొందరు వచ్చే ఏడాదికి ఇప్పుడే చెప్పి ఉంచారు. జార్ల విషయంలో ఆ పిల్లకు ఎప్పుడూ వినిపించని మాట అది.

ఇప్పుడు మా ఇద్దరి మధ్య పేచీ జార్ల గురించే. అడ్వాన్సు ఇచ్చి చెబితేనే చెయ్యి, ముందే చేసి అలమరాలో పేర్చకు అంటాను. నిమ్మగడ్డి వాసనవి, చిన్న రేకు డబ్బాల్లో, వంటింటి కోసం అని రాసి అమ్ము అంటాను. వంటింటి కోసం అని రాస్తే బహుమతిగా ఎవరూ కొనరని దాని భయం. ఫిబ్రవరిలో గుణదలలో ఒక బల్ల వేసుకుందామంటే ‘అక్కడ నా సరుకు వైపు ఎవరు చూస్తారు’ అంటుంది. అక్టోబరు చివరికి ప్రమిదల లెక్క, జార్ల లెక్క విడివిడిగా రాసి పక్కపక్కన పెడదామన్నాను. సరేనంది గానీ, నిన్న ఫోన్ చేసి గులాబీ రంగు మూతలున్న కొత్త జార్లు చాలా చవగ్గా దొరికాయని, ఒక పెట్టె కొనేశానని చెప్పింది.